హఫీజ్‌పేట బావి చేపలు, మూడు నీలం డ్రమ్ములు

నీటి ఫిల్టర్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే ముందుగా లెక్కలు అడుగుతారు. ఇన్ని లీటర్లకి ఎంత పంపు, ఎంత ఇసుక, ఎన్ని అంగుళాల పైపు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే బాగా ఉన్నాయి. నాకు ఏ ఏడు ఏ హోదా దక్కిందో రాసే ఉద్దేశం కూడా లేదు. ఆ చిట్టా వింటే మా ఇంట్లో వాళ్ళే లేచి వెళ్ళిపోతారు. నా ఉద్యోగంలో నేను బాగా తలదించుకున్న సంగతి ఒకటుంది, దాని వెంటే తలెత్తుకున్న సంగతీ ఉంది. రెండూ ఒకే ఇంట్లో, రెండు నెలల తేడాలో జరిగాయి. అవి చెబుతాను. పనికొస్తే ఉంచుకోండి.

మాది నంద్యాల. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళై హైదరాబాదు వచ్చి, చందానగర్‌లో చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉన్న ఒక చిన్న ఫిల్టర్ల కంపెనీలో చేరాను. ఈత కొలనులకీ, అపార్ట్‌మెంట్ల ట్యాంకులకీ ఫిల్టర్లు బిగించడం మా పని. నీళ్ళు పరీక్షించి బాగున్నాయో లేదో చెప్పడం నా పని. కంపెనీ యజమాని భాస్కరరావు గారిది గుడివాడ దగ్గర ఊరు. మనిషి మంచివారే కానీ, ఆయన దృష్టిలో ప్రపంచంలో నీళ్ళు రెండే రకాలు, తేట నీళ్ళు, మురికి నీళ్ళు. అప్పట్లో నాకూ అంతకుమించి తెలియదు.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్‌లో గుండ్రటి మేడ లేస్తోంది. మధ్యాహ్నం పూట ఎక్కడో ఒకచోట రాళ్ళు పేల్చేవాళ్ళు, మా బల్లల మీద గాజు గొట్టాలు గలగలమనేవి. అలాంటి ఒక మధ్యాహ్నం యాదగిరి గారు మా మెట్లెక్కి వచ్చారు.

కిరాయి గదిలో కొలను

యాదగిరి గారు రైల్వేలో పట్టాల మీద పని చేసి రిటైరైన మనిషి. హఫీజ్‌పేట స్టేషను దగ్గర సొంత ఇల్లు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీరు నీళ్ళకు ఫిల్టర్లు పెడ్తరంట గద మేడమ్. చేపలకు పెడ్తరా?"

భాస్కరరావు గారు తలెత్తి, "ఎన్ని అడుగుల అక్వేరియం అండీ?" అన్నారు.

"అక్వేరియం గాదు సార్. అర్ర. ఒక అర్ర మొత్తం."

ఆయన ఇంటి ముందు పాత బావి ఉంది. ఏడేళ్ళ కింద నీళ్ళలో పురుగు పడుతోందని ఆయన పాల క్యానులో చేపపిల్లలు తెచ్చి అందులో వదిలారు. బంగారు తీగ రకం చేపలు. అవి పురుగుని తినేశాయి, గల్లీ అంతా ఆ నీళ్ళే తాగింది, చేపలు మోచేతి పొడవున పెరిగాయి. పదిహేను చేపలు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఇల్లు మిగిలింది కానీ బావి రోడ్డులో పోతోంది. దసరా అయిన నాలుగో రోజున మట్టి పోసి పూడుస్తామని చెప్పి వెళ్ళారు.

"ఇన్నేండ్లు మా నీళ్ళు కాపాడినయి మేడమ్. గసువంటియాటిని మన్నుల పూడుస్తమా?"

"చెరువులో వదిలెయ్యొచ్చు కదండీ" అన్నారు భాస్కరరావు గారు.

"తెల్లారేసరికి ఎవని వలల్నో ఉంటయి సార్. గంత చేపను జూసి ఎవడిడుస్తడు?"

మర్నాడు నేను స్కూటీ మీద వెళ్ళి చూశాను. ఇంటి పక్కనే కొత్తగా వేసిన గదిలో, గోడల వెంబడి నాలుగడుగుల ఎత్తున రాతి కట్టు కట్టి, సిమెంటు పూసి, పద్నాలుగడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పున తొట్టి చేస్తున్నారాయన. తాపీ ఆయన చేతిలోనే ఉంది. పద్నాలుగు వేల లీటర్లు పడుతుంది. ఇంట్లో ఇంత కొలను నేను అంతకుముందు చూడలేదు.

గుమ్మంలో ఆయన భార్య లక్ష్మమ్మ గారు చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా బిడ్డా ఫిల్టరామెవు? గీ అర్ర కిరాయికిద్దామని ఏసినం. సాఫ్ట్‌వేర్ పిలగాండ్లు రోజు వచ్చి అడిగి పోతున్రు. గీయన తీస్కపోయి చేపలకిచ్చిండు. చేపలు కిరాయి కడ్తయా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"పులుసు వెట్టుకుంటే పదిహేను పూటలు ఎల్లుతుండె" అని చేట ఎగరేసింది.

నేను యాదగిరి గారి వైపు తిరిగి పుస్తకం తీసి కొలతలు రాసుకున్నాను. ఆవిడతో ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, దీని శాస్తి నాకు ఎలా జరిగిందో మీకే తెలుస్తుంది.

ఆగ్నేయంలో మోటారు

కొలనులో నీళ్ళన్నీ రెండు గంటలకొకసారి ఫిల్టరులోంచి తిరిగి రావాలని లెక్క వేశాను. అంటే గంటకి ఏడు వేల లీటర్లు. పంపు దొరికింది, పైపు దొరికింది. కొలను పక్కనే పంపు పెడితే నాలుగడుగుల పైపుతో పనైపోతుంది. కానీ భాస్కరరావు గారికి వాస్తు పిచ్చి. కొలను ఈశాన్యంలో ఉంది, సంతోషం అన్నారు. మోటారు మాత్రం ఆగ్నేయంలోనే ఉండాలన్నారు.

"మోటారంటే నిప్పమ్మా. నీళ్ళ మూలలో నిప్పు పెడతామా? వాళ్ళ ఇల్లు ఏమైపోవాలి?"

ఆయన యజమాని. మోటారు వంటింటి వెనక్కి వెళ్ళింది. పైపు గోడల వెంట ఎనిమిది మలుపులు తిరిగింది. అంతా బిగించాక బకెట్ పెట్టి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను. ఎనిమిది సెకన్లలో నిండాల్సిన బకెట్ నిండడానికి పదిహేడు పట్టింది. పిల్లలూ, ఏ పంపు డబ్బా మీద ఏ అంకె ఉన్నా నమ్మకండి. బకెట్ పెట్టి చూడండి.

గణితం ఎంత చెప్పినా భాస్కరరావు గారు కరగలేదు. చివరికి వేరే దారి పట్టాను.

"నిప్పు ఉండేది మోటారులో కాదు కదండీ, కరెంటులో. స్విచ్చు బోర్డు ఆగ్నేయంలో పెడదాం. మోటారులో ఉండేది నీళ్ళే."

ఆయన ఆలోచించి, "అది సబబుగానే ఉందమ్మా" అన్నారు. మోటారు కొలను పక్కకి వచ్చింది. బకెట్ తొమ్మిది సెకన్లలో నిండింది. పై అధికారితో వాదించి గెలవడం ఒక పద్ధతి, ఆయన్నే గెలిపించి మన పని చేసుకోవడం ఇంకో పద్ధతి. రెండోది కొంచెం సిగ్గుపడాల్సిన విషయమే కానీ మలుపులు తగ్గుతాయి.

రూపాయి బిళ్ళ

కొత్త సిమెంటు నీళ్ళని ఘాటెక్కిస్తుంది, అంటే వాటిలో క్షారం పెరుగుతుంది. యాదగిరి గారు ఎవరూ చెప్పకుండానే కొలనులో అరటి బోదెలు కోసి వేశారు. భాస్కరరావు గారు చూసి పెళ్ళి పందిరా అని నవ్వారు. వారం తర్వాత నేను పరీక్షిస్తే ఘాటు సగానికి సగం తగ్గింది. ఆ నీళ్ళు పారబోసి, కడిగి, మళ్ళీ నింపాం. నింపడమంటే మోకాలి లోతే. టాంకరు నీళ్ళు దండగని, ముందు ప్రయోగానికి అది చాలని భాస్కరరావు గారు అన్నారు.

ఫిల్టరు మాత్రం ఈత కొలనులకి పెట్టే ఇసుక ఫిల్టరే. ఇనుప పీపాలో మెత్తటి ఇసుక, రోజుకోసారి వెనక్కి నీళ్ళు కొట్టి ఇసుకని శుభ్రంగా కడిగెయ్యడం. నాలుగు రోజుల్లో నీళ్ళు అద్దంలా అయ్యాయి. భాస్కరరావు గారు జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నీళ్ళలో వేసి, వంగి, దాని మీద సంవత్సరం పైకి చదివారు. నేనూ ఉప్పదనం, కఠినత్వం, క్రిములు అన్నీ పరీక్షించి సంతకం పెట్టాను. మనిషి నిశ్చింతగా తాగొచ్చు.

మూడు చేపల్ని ముందుగా వదిలాం. గల్లీలో పిల్లలందరికీ పండగే. మరమరాలు, అన్నం, బ్రెడ్డు ముక్కలు, ఎవరికి తోచింది వాళ్ళు వేశారు. యాదగిరి గారు పగలంతా ఆ గట్టు మీదే ఉన్నారు.

ఎనిమిదో రోజు పొద్దున్నే ఆయన ఆఫీసుకొచ్చారు. ఈసారీ కూర్చోలేదు.

"మేడమ్, జర వస్తరా. పైకొచ్చి నోరు దెరుస్తున్నయి."

నేను వెళ్ళేసరికి ఒకటి పక్కకి ఒరిగిపోయింది. నీళ్ళు మాత్రం అంతే తేటగా ఉన్నాయి, అడుగున ఇసుక రేణువు కూడా కనిపిస్తోంది. మిగతా రెండింటినీ అప్పటికప్పుడు తడి గోనెలో చుట్టి బావిలో వదిలాం. చచ్చిపోయిన చేపని యాదగిరి గారు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. పులుసు గురించి అంత మాట్లాడిన లక్ష్మమ్మ గారు లోపల్నుంచి గునపం తెచ్చి, కరివేప చెట్టు కింద గుంత తవ్వింది. నాకు ఆవిడ ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు.

"చేపకే ఏదో జబ్బుండి ఉంటుందమ్మా" అన్నారు భాస్కరరావు గారు సాయంత్రం.

ఉండి ఉంటే బాగుండుననుకున్నాను. ఆ నీళ్ళు కొంచెం సీసాలో తెచ్చాను. అల్మరాలో అమ్మోనియా పరీక్షించే మందు ఉంది. ఆ ఇంటి నీళ్ళకోసం నేను దాని మూత ఒక్కసారి కూడా తియ్యలేదు. నాలుగు చుక్కలు వేస్తే నీళ్ళు పసుపుకి, పసుపులోంచి ఇటుక రంగుకి తిరిగాయి. చేపలు విసర్జించిందీ, పిల్లలు వేసిన తిండి కుళ్ళిందీ అంతా కంటికి కనపడని విషమై ఆ అద్దంలాంటి నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళని మనిషి తాగొచ్చా అని అడిగాను కానీ చేప అందులో ఊపిరి తీసుకోగలదా అని అడగలేదు. తప్పు నాది. చేపకి జబ్బు లేదు.

నవాసాగరం

మర్నాడు బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాను. ఏడేళ్ళుగా ఏ ఫిల్టరూ లేకుండా బతికిన చేపలు నా ఫిల్టరుతో ఎనిమిది రోజులు బతకలేదు. యాదగిరి గారు తాడు పట్టుకుని దిగి, నేనడిగితే ఒక రాయి పైకి తెచ్చారు. దాని మీద గోధుమరంగు పాచి, వేలితో తాకితే జిగటగా ఉంది. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి చివరికి ఒప్పుకున్నాను, బావికి ఫిల్టరు ఆ పాచే. అందులో ఉన్న సూక్ష్మజీవులు ఆ విషాన్ని తింటాయి. నేను రోజూ ఇసుక కడిగించి వాటిని పుట్టకుండా చేశాను.

భాస్కరరావు గారి గొప్పదనం ఒకటి చెప్పాలి. ఇదంతా విన్నాక ఆయన తన ఇసుక పీపాని తనే ఆటోలో వేసుకుని తీసుకుపోయారు. "నాకు ఈత కొలనులే తెలుసమ్మా, చేపల సంగతి నువ్వు చూసుకో" అన్నారు. అలా అనగలిగిన యజమానుల్ని నా ఉద్యోగంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కొత్త ఫిల్టరుకి మూడు నీలం డ్రమ్ములు తెచ్చాం. మొదటిదాంట్లో చెత్త కిందికి దిగుతుంది. రెండోదాంట్లో ఇటుక ముక్కలూ, గిన్నెలు తోమే నైలాను పీచూ. మూడోదాంట్లో కంకర. అక్కడినుంచి నీళ్ళు కొలనులోకి. చందానగర్ బజారులో నేను రెండు బస్తాల పీచు కొంటే దుకాణదారు "హోటల్ పెడ్తున్నరా మేడమ్?" అని అడిగాడు. పైన ఒక గంపెడు బావి రాళ్ళు పరిచాం, పాచి అక్కడినుంచి మిగతావాటికి పాకుతుందని.

అయితే ఆ సూక్ష్మజీవులకి తిండి కావాలి. మళ్ళీ చేపల్ని వదిలి చంపడానికి నాకు చేతులు రాలేదు. గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు వాడే నవాసాగరం గుర్తొచ్చింది. దాన్ని నీళ్ళలో వేస్తే అమ్మోనియా వస్తుంది. రోజుకో చెంచా వేసి, మర్నాడు పరీక్షించేదాన్ని. మొదటి వారం నీళ్ళు పసుపు, రెండో వారం లేత పసుపు. మూడో వారం చివర, వేసిన చెంచాడూ మర్నాటికి మాయం. చుక్క వేస్తే రంగు మారలేదు.

ఒకరోజు నేను నవాసాగరం వేస్తుంటే లక్ష్మమ్మ గారు వచ్చి పక్కన నిలబడింది.

"చేపలే లేవు, ఉత్త నీళ్ళకు ఉప్పేస్తున్నవేంది బిడ్డా?"

"ఉప్పు కాదమ్మా, కెమికల్" అన్నాను.

"ఓహో" అని ఆవిడ వెళ్ళిపోయింది.

జాగ్రత్తలన్నీ పదకొండు అంశాలుగా టైపు చేయించి, యాదగిరి గారి చేతికిచ్చి గోడకి అంటించమన్నాను. ఆయన అంటించారు. లక్ష్మమ్మ గారికి చదువు రాదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

దసరా దులుపుడు

దసరాకి నాలుగు రోజుల ముందు వెళ్ళాను. గల్లీ అంతా తంగేడు పూలూ, సున్నం వాసనా. ఇల్లిల్లూ సామానంతా బయట పెట్టి కడుగుతున్నారు. యాదగిరి గారు పూల కోసం తెల్లాపూర్ వైపు వెళ్ళారట. లక్ష్మమ్మ గారు నన్ను చూసి ముఖమంతా నవ్వుతో ఎదురొచ్చింది.

"రా బిడ్డా, రా. నువ్వొస్తవని నిన్న పొద్దుమీకిందాక గిదే పని."

మూడు డ్రమ్ములూ కొత్తగా కొన్నట్టు మెరుస్తున్నాయి. కంకర తెల్లగా ఆరబోసి ఉంది. ఇటుక ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. బావి రాళ్ళ మీద పాచి చుక్క కూడా లేదు. బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కుకి కొట్టింది. పీచు మొత్తం దండెం మీద ఆరేసి ఉంది, అందులో మూడు పీచులు అప్పటికే గిన్నెల దగ్గర పనిలో ఉన్నాయి.

"గంత పాచి! పండుగపూట ఇంట్ల గట్ల ఉంచుకుంటరా ఎవలన్న? సుట్టాలొస్తే ఏమనుకుంటరు?"

నేను అరిచాను. ఏమని అరిచానో రాయడానికి సిగ్గుగా ఉంది. మూడు వారాల పని, నాలుగు రోజుల్లో దసరా, ఇంకో నాలుగు రోజులకి బావి పూడుస్తారు, పద్నాలుగు చేపల్ని నువ్వే చంపేశావు అన్న అర్థంలో చాలా అన్నాను. అప్పుడే పూల మూటతో వచ్చిన యాదగిరి గారు డ్రమ్ములు చూసి, ఆయనా అందుకున్నారు.

లక్ష్మమ్మ గారు ఇద్దరినీ చివరిదాకా అననిచ్చింది. తర్వాత అంది.

"నాకెవలు జెప్పిన్రు?"

యాదగిరి గారు పూల మూట కింద పెట్టారు.

"గీ ఇంట్ల కడిగేది ఎవలు? ఊడ్సేది ఎవలు? కాయితం గోడకు పెడితె నేను జదువుతనా? అడిగితె కెమికల్ అన్నవు. కెమికలంటె నాకేం దెల్సు?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. నాకు కోపంతో మొదలై సిగ్గుతో ఆగాయి.

తోడు

నీళ్ళ రసాయనం గురించి నేను మాట్లాడిన వాటన్నింటిలో మంచి మాట ఆ రోజు వంటింటి గుమ్మంలో, కోపం దిగాక చెప్పిందే. ఆవిడ పిడకల దాలి మీద పాలు కాగుతున్నాయి. వాటిని చూస్తే తోచింది.

"అమ్మా, చేప వదిలింది నీళ్ళలో విషమవుతుంది. ఆ విషాన్ని పాచి తింటుంది. మీ బావి రాళ్ళ మీదున్న పాచి తోడు లాంటిది. డ్రమ్ముల్లో ఉన్నవి పాలు. ఒక గంప తోడు వేస్తే మూడు వారాలకి తోడుకుంది."

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది.

"నేను తోడుకున్న పెరుగంత పారవోసి గిన్నె తోమిపెట్టిన."

"అవునమ్మా."

"గీ ముక్క ముందుగాల్నే చెప్తే అయిపోవు గద బిడ్డా!"

పాల వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎంత తోడేసినవన్నవ్?"

"ఒక గంప."

"బాయి నిండ తోడే ఉండంగ ఒక్క గంపేసినవా? జల్ది తోడుకోవాలంటె తోడెక్కువెయ్యాలె. మూడు డ్రమ్ముల నిండ గవే రాళ్ళేద్దాం. ఎట్ల పూడ్సుతరు గద, ఎవలకు గావాలె గా రాళ్ళు?"

నేను ఎమ్మెస్సీ. పుస్తకాలు రెండు రోజులు తిరగేశాను. ఈ ఆలోచన నాకు రాలేదు. పాచి పట్టిన రాళ్ళు తడి ఆరకుండా మొత్తం తెచ్చేస్తే, కొత్తగా పెంచే పనే లేదు, బావి ఫిల్టరుని యథాతథంగా ఇంట్లోకి మార్చినట్టే. ఆవిడ పాల గిన్నె దించి లేచింది.

మర్నాడు పొద్దున బతుకమ్మ పేర్చడానికి వచ్చిన గల్లీ ఆడవాళ్ళందరినీ ఆవిడ వరసలో నిలబెట్టింది. మేము అప్పటికి డ్రమ్ములూ కొలనూ కడిగి బ్లీచింగ్ వాసన వదిలించి, కొలనుని సగం బావి నీళ్ళతో నింపాం. యాదగిరి గారు బావిలో దిగి లోపలి గట్టు రాళ్ళు ఊడదీసి తాడు కట్టిన గంపలో వేస్తే, పైకి లాగి, తడి గోనె కప్పి, చేతులు మార్చుకుంటూ లోపలికి అందించాం. భాస్కరరావు గారు పని చూడ్డానికి వచ్చి, ప్యాంటు మడిచి వరసలో దూరారు. "కొంచెం జరగండమ్మా, ఇటు ఇవ్వండి" అని ఆయన మర్యాదలు చేస్తుంటే ఆడవాళ్ళు నవ్వాపుకోలేక రాళ్ళు జారవిడిచారు. మధ్యలో ఒకావిడ రాయి మీద పాచి అసహ్యమేసి కొంగుతో తుడవబోయింది. లక్ష్మమ్మ గారు వరస అటు చివర్నుంచి వేసిన కేకకి నేనే ఉలిక్కిపడ్డాను.

చీరలో చేపలు

దసరా అయిన రెండో రోజు చేపల్ని మార్చాం. బావిలో నీళ్ళు మోటారుతో నడుము లోతుకి తోడి, యాదగిరి గారూ ఆయన తమ్ముడూ పాత చీర రెండు కొసలు పట్టుకుని లాగారు. పదమూడు దొరికాయి. అన్నింటికన్నా పెద్దది రాళ్ళ సందున దూరి రానంది. గంటసేపు తిప్పలు పడ్డారు.

లక్ష్మమ్మ గారు విసుక్కుని లోపలికి వెళ్ళి బియ్యం కడిగి ఆ నీళ్ళు తెచ్చింది. "జరగున్రి" అని బావిలో ఒక మూలకి పోసింది. రోజూ పొద్దున ఆవిడ కడుగు నీళ్ళు పోసేది అక్కడేనట. ఏడేళ్ళుగా. ఆ సంగతి యాదగిరి గారికే తెలియదు. చేప దానంతటదే వచ్చి చీరలో పడింది.

"పులుసు పులుసు అంటివి?" అన్నారాయన కింది నుంచి.

"మాటకంట. నువ్వు పైకి రా ముందు" అందావిడ.

కానీ కొత్త నీళ్ళలో చేపలు ఒక మూలకి చేరి కదలకుండా ఉండిపోయాయి. తిండి ముట్టలేదు. రెండు రోజులకి లారీలు వచ్చి బావిలో మొరం పోశాయి. యాదగిరి గారు చూడ్డానికి బయటికి రాలేదు. కొలను గట్టు మీద కూర్చుని, లారీ ఖాళీ చేసిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్నారు. ఇక వెనక్కి తీసుకెళ్ళడానికి బావి లేదు. ఆ సాయంత్రం చుక్క వేస్తే నీళ్ళు లేత పసుపయ్యాయి. మర్నాడు ఇంకొంచెం ముదిరింది. ఇంటికెళ్ళి నేను అన్నం తినలేకపోయాను. మా ఆయన "చేపలకేగా" అన్నారు. చేపలకే. కానీ ఒకదాన్ని నేను అప్పటికే చంపాను.

రంగు ముదిరిన ఆ రోజు మధ్యాహ్నమే కరెంటూ పోయింది. డ్రమ్ముల్లో నీళ్ళు కదలకపోతే పాచికి గాలి అందదు. లక్ష్మమ్మ గారికి నేను చెప్పనే లేదు. "తోడు చచ్చిపోదా?" అని తనే చెంబు తీసుకుని కొలనులోంచి ముంచి డ్రమ్ములో పోయడం మొదలుపెట్టింది. తర్వాత పక్కింటావిడ, తర్వాత ఎదురింటి కోడలు, తర్వాత నేను. మూడు గంటలు వంతులవారీగా పోశాం. కబుర్లకి మాత్రం లోటు లేదు.

మరో రెండు రోజులకి రంగు కొంచెం తగ్గింది. దాని మర్నాడు నేను సీసాలు పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి లోపల చప్పుడు వినిపించింది. గట్టు మీద భార్యాభర్తలిద్దరూ ఒంటిమీద నీళ్ళు పడి తడిసిపోయి కూర్చున్నారు. చేపలు మెతుకుల కోసం ఒకదాని మీద ఒకటి పడి నీళ్ళు చిమ్ముతున్నాయి. యాదగిరి గారు లెక్కపెడుతున్నారు, తప్పుతున్నారు, మళ్ళీ మొదలుపెడుతున్నారు.

"ఎక్కువెయ్యకున్రి, ఫిల్టరామె తిడ్తది" అంటోంది లక్ష్మమ్మ గారు, ఇంకో పిడికెడు వేస్తూ.

నేను చుక్క వేశాను. గొట్టం వెలుతురుకి ఎత్తి చూశాను. రంగు మారలేదు. గట్టు మీద వాళ్ళ పక్కన కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధం చెప్పను.

ఇంటి ఫిల్టర్ల పని చేసే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. నీళ్ళు పరీక్షించే ముందు ఆ ఇంట్లో ఎవరు కడుగుతారో, ఎవరు ఊడుస్తారో కనుక్కోండి. వాళ్ళ దగ్గర కూర్చోండి. వాళ్ళకి తెలిసిన మాటల్లో చెప్పేదాకా మీకూ ఆ సంగతి పూర్తిగా తెలియనట్టే. నాకు తెలియలేదు.

ఆ రోజు సాయంత్రం ఆఫీసులో రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. అమ్మోనియా, క్షారం, ఉష్ణోగ్రత అని గళ్ళున్నాయి. వాటిని వదిలేసి కింద "చేపలు తింటున్నాయి" అని ఒక్క వాక్యం రాసి భాస్కరరావు గారి బల్ల మీద పెట్టాను. కాసేపటికి కాగితం వెనక్కి వచ్చింది. ఆయన ఎర్ర పెన్నుతో పక్కన "ఎన్ని?" అని రాశారు.

నేను దాని కింద "పద్నాలుగూ" అని రాసి పంపాను. ఆయన సంతకం పెట్టారు.